ఈగ వాలని మిర్చితోట

ఈ మిర్చి చెట్లు పీకుండ్రి సారు, వద్దంటలేను. కానీ ఆ కాయిదంల మా బిడ్డ అనిత పేరు ఎందుకు రాస్తున్నరు? ఆమెనే ఒప్పుకున్నదా? ఒప్పుకుంటది. తల్లి మీదికి రావద్దని అన్ని ఒప్పుకుంటది.

జర కూసోండ్రి. గార్ల వ్యవసాయం ఆఫీసు కాడికెల్లి ఎండల పడి వచ్చిండ్రు.

నల్ల తామరపురుగు వచ్చిన ఏడు యాదికున్నదా? మూడెకరాల మిర్చి, ఏ పూవు ఇప్పినా పురుగులే. మా ఆయన సక్రు దినాం మందు కొట్టిండు. ముక్కుకు బట్ట కూడా కట్టుకోలే. తోటలనే పడ్డడు. మానుకోట దవాఖాన దాక ఆగలే.

అనిత అప్పుడు జనగామల డిగ్రీ. బాపు దినాలకు వచ్చి ఏడ్వలే సారు. పురుగులున్న పూలు తెంపి, కాయిదంల మడిచి తీస్కపోయింది. ఆ పూలే ఆమెను హైదరాబాద్ ల్యాబ్ దాక తోల్కపోయినయ్.

"యాడీ, గింజల ఒక రాత ఉంటది. దాంట్ల చిన్న ముక్క కత్తిరిస్తే పురుగు పూవును ముట్టదు" అనేది. జీన్ ఎడిటింగ్ అంటరట. నాకేం సమజైతది? మా లంబాడోళ్ల మాటల యాడీ అంటే అమ్మ, అట్ల పిలిస్తే సాలు, ఊ కొట్టేదాన్ని.

నిరుడు ఎండకాలం ఒక్క పండుమిర్చి తెచ్చి బాపు ఫోటో ముందల పెట్టింది. "ముట్టకు యాడీ, ఇంక పరీక్షలున్నయ్, పొద్దుగాల వాపస్ తీస్కపోత" అన్నది. పొద్దుగాల ఆ జాగల మా తోట కాయ పెట్టిన. పిల్ల చూస్కోకుండ సంచిల ఏస్కున్నది.

ఎందుకంటే ఏం చెప్పాలె సారు? మొగన్ని మింగిన పురుగును ఆపే గింజ ఇంట్లకు వస్తే, నేనెట్ల ఇడుస్త?

అరవై గింజలు మొలిసినయ్. ఒక్క పురుగు రాలే. కాయ ఇరగ కాసింది. సక్రు ఉంటే ఎంత మురిసేటోడో అని కూసోని ఏడ్చిన.

గప్పుడు చూసిన, తేనెటీగ సుత వస్తలేదు. మిర్చికి ఈగ రాకున్నా కాయ నిలుస్తది గని, బీరకు ఈగ వాలాలె. గట్టు అవుతల పూల్‌సింగ్ బీరపాదు నిండ పూత, ఒక్క పిందె నిల్వలే. నాకు భయమైంది. అయినా అనితకు చెప్పలే. పీకెయ్యమంటది గద.

మొన్న ఫోన్ చేసింది. తేనెటీగలు పూల కాడికే పోతలేవని ల్యాబ్‌ల ఆ చెట్లన్ని కాలవెట్టిన్రట. "యాడీ, ఆ కాయ మార్చినవా?" అని అడిగింది. నేను ఫోన్ పెట్టేసిన. ఆమెకు అర్థమైంది. మీకు చెప్పింది.

నా పేరు రాసుకోండ్రి సారు. ద్వాళి, సక్రు పెండ్లాన్ని. పిల్ల నౌకరి తీయకుండ్రి.

ఇంకోటి. ఈ తోట కాలవెడితే అయిపాయె అనుకోకుండ్రి. మా ఇంటికి ఆడబిడ్డ వస్తే ఒడిల ఇత్తనం పోసి పంపుతం. ఉగాదికి ఇద్దరొచ్చిండ్రు. ఒకామెది లింగాల ఘనపూర్, ఇంకొకామెది భూపాలపల్లి. ఇద్దరికీ ఈ మిర్చి ఇత్తనమే పోసిన.

నిన్న భూపాలపల్లి ఆడబిడ్డ ఫోన్ చేసింది. వాళ్ల తండ మొత్తం అదే ఏసిన్రట. ఒక్క పురుగు లేదు, పూత మంచిగున్నదని నవ్వుతున్నది.

తేనెటీగలు వస్తున్నయా అని నేను అడగలే.