ర్యామ్ వద్దన్నవాడు

వద్దన్నానా లేదా? ఆ స్క్రూలు మళ్ళీ బిగించెయ్యండన్నా. మీ మీద కోపం కాదు. మా అక్క ఫోన్ చేస్తే మీరొచ్చారు, మీ పని మీరు చేస్తున్నారు. అక్క సంగతి అక్కతో తేల్చుకుంటాను. కానీ ఈ కంప్యూటర్ నేనూ వాడతాను కదా, ర్యామ్ పెంచే ముందు నన్నొక్క మాట అడగాలా వద్దా?

నాలుగు జీబీ సరిపోదట! ఎవరన్నారు? పోయినేడాది సరిపోయింది కదా. అమ్మ పోయినేడాది పుస్తకాలకి పేజీలు కట్టింది, ఈ ఏడాదీ అదే చేస్తోంది. అక్షరాలేమైనా లావెక్కాయా?

నవ్వకండి. ముందు సరుకు తయారవుతుంది, తర్వాత దాని అవసరం తయారవుతుంది. మార్కెట్ నడిచేదే అలా. బాగున్న వస్తువుని పాతదనిపించడం, మనిషికి తన ఇంట్లో తనే వెనకబడ్డట్టు అనిపించేలా చెయ్యడం. మీ చేతిలో ఉన్న ఆ ముక్క చూడండి. దువ్వెనంత లేదు. దానికోసం మనం తలొంచాలి! నేనొంచను. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట చాలు అనాలి కదా? ఈ గదిలోనే అంటున్నాను, చాలు.

ఏంటీ? అమ్మ బాధపడుతోందా? ఆ సంగతి మీరు నాకు చెప్పాలా అన్నా? పక్క గదిలో ఉన్నది మా అమ్మ. ఇరవై రెండేళ్ళుగా డీటీపీ చేస్తోంది. మా చదువులు ఆ కీబోర్డు మీదే నడిచాయి. ఇప్పుడు కట్టేది పశువుల జబ్బుల మీద ఆరువందల పేజీల పుస్తకం. ఎద్దుకి కడుపుబ్బరం వస్తే ఏం చెయ్యాలో పశువుల డాక్టరైనా కాసేపు ఆలోచిస్తాడు, మా అమ్మ ఆలోచించదు.

అలాంటి మనిషి పని వదిలేస్తానంటోంది. ఇవాళ ఐదింటికి, పుస్తకం అచ్చేసే ప్రెస్సాయన వచ్చి ఆ రాతప్రతి కట్ట తీసుకెళ్ళిపోతాడు. నిన్న అమ్మే ఫోన్ చేసి చెప్పింది, ఇంకెవరికైనా ఇచ్చుకోండి అని. గొంతులో బాధేమీ వినబడలేదు. పాలవాడికి రేపు వద్దని చెప్పినట్టు చెప్పింది.

ఎందుకా? తప్పులు. మూడు నెలలుగా ప్రూఫులన్నీ ఎర్ర సిరాతో తిరిగొస్తున్నాయి. దూడ అని కొడితే దూదూడ అని పడుతోంది. మందు మమందు అవుతోంది. ఎలాగంటే, అమ్మ మీట నొక్కుతుంది, తెర మీద అక్షరం రాదు. పడలేదేమో అని మళ్ళీ నొక్కుతుంది. కాసేపటికి రెండూ కలిసి వచ్చి కూర్చుంటాయి. ఒక పేజీ దాటించి, అది కదిలేలోపు లేచెళ్ళి బట్టలు మడతపెట్టి వస్తుంది. తిరిగొచ్చేసరికి ఏ వరసలో ఉందో మర్చిపోతుంది.

ప్రెస్సాయన పెద్దమనిషే, గట్టిగా ఏమీ అనడు. "అమ్మగారూ, ఓసారి కళ్ళు చూపించుకోకూడదూ" అన్నాడు, అంతే. నేనే తీసుకెళ్ళాను కళ్ళ డాక్టరు దగ్గరికి. కొత్త అద్దాలొచ్చాయి. తప్పులు తగ్గలేదు. అప్పుడు చేతుల మీదికి పోయింది అనుమానం. పొద్దున్నా సాయంత్రం గిన్నెలో వేణ్ణీళ్ళు పోసుకుని వేళ్ళు ముంచుకుని కూర్చుంటోంది. "నాకు వయసైపోయిందిరా, నా వేళ్ళు నా మాట వినట్లేదు" అంటుంది. యాభై నాలుగేళ్ళకి!

నేనేమన్నానా? చాలా అన్నాను. శ్రమని పీల్చేసి మనిషిని చెత్తబుట్టలో పడేసే లోకం ఇది అన్నాను. నీ వేళ్ళని నీకే శత్రువుల్ని చేశారమ్మా అన్నాను. బాగా మాట్లాడాను. అమ్మ విని, "అన్నం తిన్నావా" అంది.

సరే, ఆన్ చెయ్యండి. మీరు చూపిస్తానన్నది చూపించండి. నేను చూడటానికి భయపడేవాణ్ణి కాదు. వాస్తవాల్లోంచే మాట్లాడతాను ఎప్పుడూ.

ఏంటా పట్టీ? ఏ ప్రోగ్రాం ఎంత తింటోందో చెప్పేదా? మంచిది. అమ్మ పేజీల ప్రోగ్రాం ఏది? అదా? అంతేనా? ఆ కాస్తేనా తినేది? మరి పైన ఎర్రగా ఉన్నదంతా...

బ్రౌజరా.

అది... అది నాది. తెరవకండి. అదే, తెరవండి, తెరిస్తే ఏముంది. ట్యాబ్‌లు. చదవడానికి పెట్టుకున్నాను, ఆన్ చెయ్యగానే వాటంతటవే తెరుచుకుంటాయి. లెక్కపెట్టక్కర్లేదన్నా, లెక్క నాకు తెలుసు. అరవై మూడు.

చదువుతాను కదా! ఒకదాన్లోంచి ఇంకోటి వస్తుంది. గనుల మీద ఒకటి తెరుస్తాను, అందులో రైళ్ళ సమ్మె గురించి ఉంటుంది, అది తెరుస్తాను. ఏది వదలమంటారు? అదా? అది ఇంట్లో ఆడవాళ్ళు చేసే కనబడని పని గురించి. నూట పది పేజీలు. గొప్ప వ్యాసం. చదివానా అంటే... మూడో పేజీలో ఉన్నాను. ఫిబ్రవరి నుంచీ.

తెర అంచున ఉన్న ఈ చీటీయా? చదవండి, తెలుగే కదా. "దేన్నీ మూయొద్దు, చదువుతున్నాను." రాసింది నేనే. ఈ టేపు మాత్రం నేను అంటించలేదు. జిగురెండి చీటీ ఊడిపోతుంటే అమ్మ టేపు వేసి అంటించింది. కొడుకు చదువు కదా. రోజూ పొద్దున్న వచ్చి, నా కాగితాలు పక్కకి సర్దినట్టు ఆ బ్రౌజర్ కిటికీని కిందికి దించి, దాని పక్కన మిగిలిన సందులో తన పని చేసుకుంటోంది.

ఒకసారి అడిగింది. "వీటిలో కొన్ని తీసెయ్యనా నాన్నా, బరువుగా ఉన్నట్టుంది" అని. బరువుగా ఉందంది చూశారా? ఆవిడకి తెలిసింది. మీకు ఈ పట్టీ కావలసొచ్చింది, ఆవిడ చేతికే తెలిసిపోయింది. నేనేమన్నానో చెప్పనా? "నా ఆలోచన మీద చెయ్యి వెయ్యకమ్మా" అన్నాను. ఆ మాట ఎక్కడో చదివాను, పలకడానికి బాగుంటుంది. మళ్ళీ అడగలేదు. అప్పట్నుంచీ తప్పంతా తన వేళ్ళదే అనుకుంటోంది.

అవన్నీ మూసేస్తే చాలా? ర్యామ్ అక్కర్లేదా? ఇప్పుడే వేగంగా అయిపోతుందా? చూపి... వద్దన్నా, చూపించకండి. ఆగండి. ఒక్క నిమిషం ఆగండి.

మూసేసి వెళ్ళిపోయారనుకోండి. అమ్మ వచ్చి కూర్చుంటుంది, కొట్టిన అక్షరం కొట్టినట్టు వస్తుంది. "ఏం చేశారు బాబూ" అని అడుగుతుంది మిమ్మల్ని. మీరేం చెప్తారు?

అందుకే అంటున్నాను, అది పెట్టెయ్యండి. ఆ ర్యామ్ ముక్క లోపల పెట్టెయ్యండన్నా.

అవసరం లేదంటారేంటి! ఇందాక స్క్రూలు విప్పినప్పుడు లేదా ఈ నీతి? మీరు వ్యాపారం చేస్తున్నారా, సన్యాసం పుచ్చుకున్నారా? అమ్మడానికి వచ్చినాయన వద్దంటున్నాడు, వద్దని గంటసేపు ఉపన్యాసమిచ్చినవాడు బతిమాలుతున్నాడు. బాగుంది మన వరస.

ఇది కూడా నెలకల్లా నిండిపోతుందా? నిండుతుంది. నా సంగతి నాకు తెలీదా. ఇవాళ ఇరవై మూస్తాను, వచ్చే వారానికి నలభై తెరుస్తాను. నిండనివ్వండి. ఈలోపు ఆ పుస్తకం పూర్తవుతుంది కదా?

ష్. పిలుస్తోంది.

ఆ అమ్మా! చూశాడమ్మా! నీ వేళ్ళకి ఏ రోగమూ లేదు. యంత్రమే, పాతబడిపోయింది. ఆ, ఆయనే చెప్పాడు! కొత్త ముక్క వేస్తున్నాడు. నువ్వు ముందు ప్రెస్సాయనకి ఫోన్ చేసి రావొద్దను, పుస్తకం నేనే చేస్తానని చెప్పు. ఆయనేమీ అనుకోడు. చెయ్యమ్మా!

...విన్నారా? గిన్నె పక్కన పెట్టేసింది. ఫోన్ వెతుక్కుంటోంది.

అలా చూడకండన్నా. పుస్తకం ఆవిడ దగ్గరే ఉంటుంది, ఆవిడకి తన చేతుల మీద అనుమానం పోతుంది. ఇంకేం కావాలి? నిజమా? లోకం మీద అరవడానికి నా దగ్గర బోలెడు నిజాలున్నాయి. ఆ గుమ్మం దాటి వెళ్ళి మా అమ్మ ముందు కూర్చుని మెల్లగా చెప్పాల్సింది ఒక్కటి. నాకు నోరు రావట్లేదు.

స్విచ్ కట్టేశారు కదా? లోపల చీకటిగా ఉందా? ఆ టార్చి ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను. మీరు బిగించండి.