నిద్రను పార్సిల్ చేసిన బయ్యన్న

రెండు వేల మూడో సంవత్సరం ఎండాకాలం. వరసగా వానలు లేక అనంతపురం చుట్టుపక్కల శెనక్కాయ పండలేదు. పంట లేకపోతే లోడ్లు ఉండవు. లోడ్లు తగ్గేసరికి ట్రాన్స్‌పోర్టు ఓనరు కంటికి డ్రైవర్లు ఎక్కువైనట్టు కనిపించారు. అందుకని ఆ నెల ఆయన ఒక కొత్త మాట అన్నాడు. ఇకమీదట లారీ డ్రైవరు వేరు, పార్సిల్ వ్యాను డ్రైవరు వేరు కాదు. ఇద్దరు చేసే పని ఒకడే చేయాలి.

వినడానికి ఇది చిన్న మాటే. కానీ కొంచెం ఆగి ఆలోచించాలి. లోడు లారీ తోలేవాడు రాత్రి తోలి పగలు పడుకుంటాడు. ఇంటింటికీ పార్సిళ్లు ఇచ్చేవాడు పగలు తోలి రాత్రి పడుకుంటాడు. రెండు పనులూ ఒకడికే కట్టబెడితే ఆ మనిషి పడుకునేది ఎప్పుడు?

ఆ ప్రశ్న సుంకన్నను పట్టుకుని వదలడం లేదు. సుంకన్న పార్సిల్ వ్యాను తోలతాడు. మెత్తని మనిషి, నలుగురిలో నోరు విప్పడం తక్కువ. వేరే కంపెనీలో ఈ పద్ధతి అప్పటికే పెట్టారు. అక్కడ బసప్ప అనే డ్రైవరు రాత్రంతా లోడు తోలి, పొద్దున ముఖం కడుక్కుని పార్సిళ్లు పంచి, మధ్యాహ్నం ముదిగుబ్బ దాటినాక స్టీరింగు మీదే కళ్లు మూశాడు. తెరిచేసరికి ఆస్పత్రిలో ఉన్నాడు. కుడికాలు లేదు. ఆస్పత్రికి పోయి అతన్ని చూసి వచ్చిన రోజు నుంచి స్టీరింగు పట్టుకుంటే చాలు, సుంకన్న అరచేతులు తడిసిపోతున్నాయి. ఇంట్లో భార్య మల్లీశ్వరి, "కూలికైనా పోదాం, ఆ బండి మాత్రం నువ్వు తోలొద్దు," అంటోంది. కూలికి పోదామంటే చేలల్లో పని ఎక్కడుంది?

గోడౌనుకు ఎదురుగా, గుత్తి రోడ్డు పక్కన, లక్ష్మక్క టీ బంకు. ఆ సాయంత్రం రేకుల పందిరి కింద డ్రైవర్లంతా చేరారు. మరునాడు సంఘం తరఫున ఓనరుతో మాట్లాడాలి. సంఘానికి పెద్ద చెన్నప్పే గానీ, ఓనరు ఎదుట నిలబడితే ఆయన గొంతు ఆరిపోతుంది. ఎవరి ముందూ గొంతు ఆరనివాడు ఒక్కడే ఉన్నాడు, లారీ డ్రైవరు బయ్యన్న. అందుకని మాట్లాడే పని బయ్యన్నకు అప్పజెప్పారు.

ఇక్కడ బయ్యన్న గురించి ఒక సంగతి తెలియాలి. అతను నోరు తెరిస్తే కోతలే. ఆ బంకు దగ్గర ఒక మర్యాద కూడా ఉంది. బయ్యన్న చెప్పేటప్పుడు అబద్ధమని ఎవరూ అనరు. ఊఁ కొడతారు, నవ్వుతారు, టీ తాగి లేచిపోతారు. ఆ మర్యాద తెలియని మనిషి ఆ రోజు ఒక్కడే ఉన్నాడు. పోయిన నెలలో ఆఫీసులో గుమాస్తాగా చేరిన గిరి. ఊరికి కొత్త. బెంచీ చివర కూర్చుని బుద్ధిగా వింటున్నాడు.

"రేపు ఓనరుకు ఏం చెప్తావు బయ్యన్నా?" అని అడిగాడు చెన్నప్ప.

"చెప్పేదేముండాదప్పా? ఈ పని ఎంత కష్టమో చేసినోడే చెప్పల్ల. నేను చేసినా గదా. వ్యాను తోలే మన జయరామునికి జొరం వచ్చిన ఎండాకాలం, మతికుండాదా? నేను మదనపల్లికి శెనక్కాయ లోడుతో పోతాండా. ఎట్లాగూ పోతాండావు గదా, దోవలో ఈ పార్సిళ్లు గూడా ఇచ్చిపో అన్న్యారు. సరే అంటి. ముదిగుబ్బలో గుడ్డలంగడికి ఒగ మూట ఇస్తి. కష్టమైంది. నిజంగా కష్టమైంది."

సుంకన్న గుండె కొంచెం కుదుటపడింది. ఇదే, ఇట్లాగే చెప్పాలి. కష్టమని చెప్పి అక్కడే ఆపాలి.

బయ్యన్న ఆపలేదు. "కష్టమంటే మీకూ నాకూ ఒగటే కష్టమా? ఆ ఎండ ఎట్లాంటిదనుకున్నారు? స్టీరింగు మీద తడిగుడ్డ ఏస్తే సుయ్యిమని ఆవిరి లేస్తాండాది. ముదిగుబ్బ దాటినానో లేదో, ఎనక లోడులో చిటపటా చిటపటా శబ్దం. ఏందిరా అని దిగి చూస్తే ఏముండాది? మూటల్లో శెనక్కాయలు మూటల్లోనే ఏగిపోతాండాయి."

"ఉప్పేసినావా అన్నా?" అన్నాడు జయరాముడు.

"ఉప్పెందుకప్పా, నా చెమట రాల్లేదా దాని మీద? ఆ వాసనకు ముదిగుబ్బ గొర్లన్నీ లారీ ఎంట పడినాయి. గొర్లంటే ఒగ మంద కాదు, ఆ సీమలో ఉండేటివన్నీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిట్ట కాడ బండి ఎక్కలేక మూలగతాంటే, నేను కిటికీలోంచి తల బయటపెట్టి ఊఁ అంటి. అంతే, గొర్లన్నీ తలకాయలు ఆనించి లారీని మిట్టెక్కించినాయి. చుక్క డీజిలు కాలితే ఒట్టు."

నవ్వారు. మామూలుగా నవ్వేదానికంటే ఎక్కువే నవ్వారు. భయం ఉన్నచోట నవ్వు అట్లాగే పొంగుతుంది. సుంకన్న మాత్రం గిరి వైపు చూశాడు. గిరి నవ్వలేదు. కళ్లు పెద్దవి చేసుకుని వింటున్నాడు.

"అన్నా, ఇంగ చాల్లే. రేపటి సంగతి మాట్లాడుకుందాం," అన్నాడు సుంకన్న మెల్లగా.

"ఉండప్పా, కదిరి రానీ. కదిరిలో ఒగ ముసలామెకు మిక్సీ ఇయ్యల్ల. ఇల్లు చూస్తే సందులో ఉండాది. సందు ఎంతుంటాదనుకున్నారు? ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒగరు గోడెక్కల్ల. దాంట్లో లారీ పోతాదా?"

"పోదు," అంది లక్ష్మక్క టీ వడగడుతూ.

"పోతాది. నేను ఊపిరి బిగబట్టినా. లారీకి గూడా చెప్పినా, నువ్వూ బిగబట్టు అని. ఒగపక్క చక్రాలు గోడ మీద, ఇంగోపక్క చక్రాలు నేల మీద. అట్ల ఓరగా పోతాంటే ముసలామె వాకిట్లో మంచమేసుకుని పండుకోనుండాది. పాపం, లేపేదెందుకని ఆమె మీదుగానే పోనిచ్చి, మిక్సీ తలగడ పక్కన పెట్టి, అట్లే ఎనక్కి వచ్చేస్తి. ఆ యమ్మ ఈ పక్క నుంచి ఆ పక్కకు గూడా తిరగలే."

"లోడుతోనేనా అన్నా?" గిరి అడిగాడు. ఆ అడగడంలో ఎగతాళి లేదు.

కొత్తవాడు అడిగితే బయ్యన్నకు ఒళ్లు పొంగింది. అటు తిరిగి కూర్చున్నాడు. "నిండు లోడుతో గిరప్పా. ఇంగ తనకల్లు కాడ చూడల్ల. ఊర్లు యాడొకటి యాడొకటి. మదనపల్లి మండీకి పొద్దు పొడిచేలోపల చేరల్ల. బండి ఆపితే ఆలస్యం. అందుకని ఆపలేదు. తోలతా తోలతానే ఒగ చేత్తో పార్సిళ్లు ఇసిరేస్తి. కుక్కరు ఇసిరితే పోయి పొయ్యి మీద కూచునింది. సైకిలు ఇసిరితే చక్రాల మీద దిగి, దాని పాటికి అదే పోయి, ఇంటి ముందర ఆగి బెల్లు కొట్టింది."

జయరాముడు బెంచీ మీద నుంచి జారి కింద కూర్చుని నవ్వాడు. చెన్నప్ప కూడా కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. సుంకన్న మాత్రం నవ్వలేదు. కథ మొదట్లో కష్టమనే మాట ఉండింది. అది ఏ మలుపులో జారిపోయిందో, దానికోసం వెనక్కి చూసేవాడు ఎవరూ లేరు. తన కథలో తాను ఓడిపోవడం బయ్యన్నకు చేతకాదు. అందరి బతుకూ అట్లాంటి మనిషి నాలుక మీద పెట్టారు.

"అన్నా," అన్నాడు సుంకన్న మళ్లీ, ఈసారి కొంచెం గట్టిగా. "నిద్ర సంగతి చెప్పు. నిద్ర రాలేదా నీకు?"

అట్లా అడిగితేనన్నా కష్టం గుర్తొస్తుందని అతని ఆశ.

బయ్యన్న గ్లాసు కింద పెట్టాడు. "మంచి మాట అడిగినావు సుంకన్నా. వచ్చింది. రాలేదని అబద్ధమెందుకు చెప్పేది? రాత్రంతా తోలి, పగలంతా పంచి, మళ్ల రాత్రి పడినాక వచ్చింది. ఎట్ల వచ్చిందనుకున్నారు? చింతచెట్ల కాడ రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తింది. నల్లకంబడి కప్పుకోనుండాది. ఎవురోలే, పాపం నడవలేకుండాదని ఎక్కించుకుంటి. పక్కన కూచోని, నేను నిద్రనప్పా బయ్యన్నా, నీకోసమే వచ్చినా అనింది. అట్లనా, ఉండు మరి, పని అయినాక చూస్తాం అంటి. అది చూసింది, చూసింది. నేను తోలతానే ఉండా. ఇంగ దాని వల్ల కాలేదు. ఆవలించింది. నా భుజం మీద తల పెట్టి అదే గుర్రు పెట్టింది."

"నిద్రే నిద్రపోయిందా?" అంది లక్ష్మక్క.

"పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాన్ని మెల్లగా ఒగ ఖాళీ గోనెసంచిలోకి దించి, మూతి కట్టి, ఊరి పేరు రాసి, మిగిలిన పార్సిళ్లతో పాటు ఆ పక్క ఊర్లో ఇచ్చేసి వచ్చినా. అప్పటి నించి ఆ ఊర్లో మిట్టమధ్యానం మనిషి మేలుకోనుండడు. నాకా, ఆ పొద్దుటి నించి నిద్రతో పనే లేదు."

నవ్వులు ఇంకా అణగక ముందే గిరి లేచాడు. ఖాళీ గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"శానా మంచి మాట చెప్పినావన్నా," అన్నాడు. "ఒక్క మనిషితో రెండు పనులూ అవుతాయా అని ఓనరు పొద్దుటి నుంచి నన్ను అడుగుతాండాడు. నాకేం తెలుసు, డ్రైవర్లను అడిగి చెప్తానంటి. గొర్లూ సైకిలూ నువ్వు నవ్వించేదానికి చెప్పినావని నాకూ అర్థమైందిలే. కానీ లోడు చేర్చినావు, పార్సిళ్లన్నీ ఇచ్చినావు, నిద్ర ఆపుకున్నావు. అదొక్కటి చాలు. ఆ మాట చెప్పేసి వస్తా."

రోడ్డు దాటి ఆఫీసులోకి పోయాడు.

పాల గిన్నె పొంగి స్టవ్వు మీద పడుతుంటే లక్ష్మక్క దించడం మరిచిపోయింది. జయరాముడు నేల మీద నుంచి లేచి లుంగీ దులుపుకున్నాడు. అబద్ధమని పిలిచి చెప్పాలని సుంకన్నకు నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు నోరు నొక్కేసింది. ఆ మాట ఈ పందిరి కింద ఎప్పుడూ ఎవరూ అనలేదు.

కాసేపటికి గిరి తిరిగి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. లారీ బీగంచెవి తెచ్చి బెంచీ మీద, బయ్యన్న తొడ పక్కన పెట్టాడు.

"ఓనరు సంతోషపడినాడన్నా. సంఘం తరఫున మాట్లాడే మనిషే అవుతాదంటే ఇంగ రేపు మాట్లాడేదేముందన్నాడు. నీతోనే మొదలుపెట్టమన్నాడు. మదనపల్లి లోడు ఎత్తుతాండారు, పొద్దు మునిగేలోపల బయల్దేరల్ల. తెల్లారి వచ్చేటప్పుడు తనకల్లు, కదిరి, ముదిగుబ్బ పార్సిళ్లు. వారం చూసి అందరికీ పెడతాడంట."

బయ్యన్న బీగంచెవిని ముట్టుకోలేదు. పాము పక్కన కూర్చున్నవాడిలాగా కొంచెం జరిగాడు.

"గిరీ, అవి కోతలప్పా," అన్నాడు.

"ఏవన్నా?"

"అన్నీ. జయరామునికి జొరం వచ్చిన పొద్దు ముదిగుబ్బ మూట గూడా నేను ఇయ్యలే. లారీ కిందే గోనెపట్ట పరుచుకోని పండుకుంటి. పార్సిళ్లన్నీ సుంకన్న వచ్చి పంచినాడు. రాత్రంతా తోలినోన్ని, నాతో యాడవుతాది?"

గిరి ముఖంలో వెలుగు పోయింది. అతనికీ భయం వేసింది. ఉద్యోగంలో చేరి నెల కాలేదు. "ఇప్పుడట్లంటే ఎట్లన్నా? నేను ఓనరుకు చెప్పేసినా గదా. భయపడి మాట మారుస్తాండావని అంటాడు. అప్పుడు చెప్పింది అబద్ధమో, ఇప్పుడు చెప్పేది అబద్ధమో, ఆయప్పకు ఎట్ల తెలుస్తాది?"

బయ్యన్న చుట్టూ చూశాడు, ఎవరైనా ఊఁ కొడతారేమోనని. ఎవరూ కొట్టలేదు.

"ఇన్నేండ్లు నువ్వు చెప్పిన ఒక్క మాటా ఎవురూ నమ్మలే బయ్యన్నా," అంది లక్ష్మక్క. గొంతులో కోపం లేదు. "ఈ పొద్దు ఒగడు నమ్మినాడు."

ఎదురుగా గోడౌనులో మూటలు ఎత్తుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక్కొక్క మూట లారీలో పడినప్పుడల్లా బయ్యన్న భుజాలు అదురుతున్నాయి. ఆ మనిషికి కూడా భయం ఉంటుందని సుంకన్నకు అంతవరకు తోచలేదు. భయం లేనివాడు ఇంత పెద్ద కథ ఎందుకు కడతాడు?

సుంకన్న వంగి బీగంచెవి తీసుకున్నాడు. చెయ్యి తడిగా ఉంది.

"పా అన్నా, ఇది ఎనక్కిచ్చి వద్దాం. పార్సిళ్లు పంచింది నేనని నేను చెప్తా. పండుకున్న్యానని నువ్వు చెప్పు. గిరీ, నువ్వూ రా. చెన్నన్నా, జయరామూ, లేయండి. ఒగరు చెప్తే నమ్మడు, అందురం పోవల్ల."

వాళ్లు లేచారు. బయ్యన్న అందరికంటే చివర లేచాడు. లారీలేవీ రాకపోయినా రోడ్డు అంచున ఆగిపోయాడు.

"సుంకన్నా, లోపలికి పోయినాక నాకు నోరొస్తాదా?" అన్నాడు.

సుంకన్న వెనక్కి వచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"నిజం చెప్పేది నీకు అలవాటు లేదు గదన్నా. మెల్లగా చెప్పు. పండుకున్న్యానని చెప్పి, ఆడికి ఆపు."