పోయొస్తానన్న మాట

2001 జూన్ 11వ తేదీ ఉదయం, దేవనహళ్ళి రోడ్డులోని మన ప్రాంతీయ శాంతిస్థాపన శిక్షణ సంస్థలో శ్రీ ఓబళప్పగారు రేడియో సమాచార విభాగపు బోధకులుగా బాధ్యతలు స్వీకరించారు. భారత సైన్యపు సిగ్నల్ దళంలో ఇరవై ఏళ్ళు సేవచేసి, సుబేదారుగా విరమించి, హొసకోటెలోని స్వగృహంలో నెలరోజులైనా విశ్రాంతి తీసుకోకుండానే మన గేటు ముందు నిలబడ్డ ఆ మనిషిని చూసి, అప్పటి డైరెక్టరుగారు ఈయన ఆర్నెల్లు ఉంటే గొప్ప అన్నారట. ఆ డైరెక్టరుగారు ఏడాది తిరగకుండానే ఢిల్లీకి బదిలీ చేయించుకున్నారు. ఓబళప్పగారు ఈ నెలాఖరు దాకా మనతోనే ఉంటున్నారు.

ఆయన పదవీ విరమణ సందర్భంగా తెస్తున్న ఈ ప్రత్యేక సంచికలో తెలుగు పేజీలను నాకు అప్పగించినప్పుడు ఒక చిక్కు వచ్చిపడింది. ఓబళప్పగారి ఇంటి భాష తెలుగే అయినా, ఆయనా, వారి శ్రీమతి ఆదెమ్మగారూ చదువుకున్నది కన్నడంలో. పైగా గుంటూరు నుంచి వచ్చిన నా తెలుగు తనకు రేడియో వార్తల మాదిరి వినిపిస్తుందని ఆదెమ్మగారు నా ముఖం మీదే చెప్పారు. అందువల్ల ఈ వ్యాసాన్ని, తెలుగు లిపి నేర్చుకున్న వారి అమ్మాయి సహన ఇంట్లో పైకి చదివి వినిపించేటట్టు ఏర్పాటైంది. మధ్యలో ఆమెకు నా తెలుగు ఎక్కడైనా అడ్డుపడితే నన్ను నిందించవద్దని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

మన సంస్థకు శిక్షణ కోసం వచ్చేవారు ఒకే సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న దేశాల సైనికాధికారులు. సాయుధ తీవ్రవాద ముఠాలకు ఆ సరిహద్దులు అడ్డురావు. తరుముతున్న సైన్యాలకే అడ్డువస్తాయి. ఒకరి రేడియో మరొకరికి అందదు, ఒకే ఊరికి మూడు పటాల్లో మూడు పేర్లుంటాయి, తాతల నాటి వైరాలు గుర్తుకువచ్చి ఒక బల్ల దగ్గర కూర్చోవడానికే మనసొప్పదు. అటువంటివారి నడుమ సహకారాన్ని నెలకొల్పడానికి మన పండితులు మందపాటి గ్రంథాలు రచించారు. ఓబళప్పగారు మాత్రం ప్రతి ఉదయం అన్ని దళాల రేడియోలనూ కలిపి, మరే మాటా మొదలుకాకముందు “ఊట ఆయితా?” అని, అంటే భోజనమైందా అని, కన్నడంలో అడిగేవారు. ప్రతి దళమూ ఆ పూట ఏం వండుకున్నదో చెప్పితీరాలి. మొదట్లో విసుక్కున్న అధికారులే వారం తిరిగేసరికి, అవతలి దేశపు వంటను వెక్కిరించడం కోసమైనా సమయానికి రేడియో ముందు కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. ఒకరినొకరు వెక్కిరించుకోగలిగినవారు ఆపద వేళ ఒకరినొకరు పిలుచుకోగలరని ఆయన సిద్ధాంతం.

2016లో వారు సలహాదారుగా విదేశానికి వెళ్ళారు. దేశాల పేర్లు ఇటువంటి సంచికల్లో అచ్చువేయరాదన్నది మన నిబంధన కనుక, ఆఫీసులో మనం పిలుచుకునేట్టుగానే వాటిని సరస్సు దేశాలు అంటాను. ఆ సరస్సు చుట్టూ ఉన్న నాలుగు దేశాల ఉమ్మడి సేన ఒడ్డునున్న గ్రామాల నుంచి సాయుధులను తరిమివేసింది. కానీ ఊరు ఖాళీ అయినంత సులువుగా మళ్ళీ నిండదు కదా. శిబిరాల్లో తలదాచుకున్న జనాన్ని స్వగ్రామాలకు చేర్చి, బావులు శుభ్రంచేయించి, దారుల్లో పాతిన మందుపాతరలను తీయించి, వారపు సంతను తిరిగి మొదలుపెట్టించే కార్యక్రమంలో ఓబళప్పగారు ఏడాదిపాటు శ్రమించారు. తక్కిన ఊళ్ళన్నీ కదిలినా ఒక్క ఊరి జనం మాత్రం శిబిరం విడవలేదు. వారి పెద్ద హావా అనే వృద్ధురాలు. ఆమె మాట దాటి ఆ ఊళ్ళో ఎవరూ అడుగు వేయరు. సైనికులు ఈ రోజు ఉంటారు, రేపు పోతారు, తరువాత మా గతేమిటని ఆమె నలుగురు సేనాధిపతులనూ నిలదీసింది.

గడువు ముగిసి బెంగళూరుకు బయలుదేరేముందు ఓబళప్పగారు ఆమె దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్ళారు. మనలో ఎవరమైనా గడప దాటేటప్పుడు ఏమంటామో ఆయనా అదే అన్నారు. ‘పోతాను’ అనడం మనకు అశుభం కనుక, ‘పోయొస్తాను’ అన్నదాన్ని మన ఇంగ్లీషులో పెట్టి, “ఐ విల్ గో అండ్ కమ్” అన్నారు. పక్కనున్న దుబాసీ మూసా అనే యువ లెఫ్టినెంటు దానిని అక్షరం పొల్లుపోకుండా ఆమె భాషలో చెప్పాడు. ఎప్పుడొస్తావని ఆమె అడిగింది. అదీ మర్యాదకు అడిగిన మాటేననుకుని, మీ పంట చేతికొచ్చేసరికి వచ్చేస్తానమ్మా అని నవ్వి, నమస్కరించి, ఓబళప్పగారు జీపెక్కారు.

ఆ నెలలోనే ఆ ఊరి జనం ఇళ్ళకు తిరిగి చేరారన్న వార్త మనకు అందింది. ఉమ్మడి సేన గస్తీ ఫలించిందని మనం వార్షిక నివేదికలో రాసుకున్నాం, చప్పట్లు కొట్టుకున్నాం.

అసలు సంగతి బయటపడడానికి మూడేళ్ళు పట్టింది. కెప్టెన్ హోదా పొందిన మూసా మన సంస్థకే శిక్షణకు రావడం, ఒక ఆదివారం ఓబళప్పగారు అతణ్ణి హొసకోటెకు భోజనానికి పిలవడం, ఆ విందులో నేనూ ఉండడం జరిగాయి. అందరమూ రాగిముద్ద తింటుండగా పొరుగింటావిడ కరివేపాకు కోసం వచ్చి, తీసుకుని, “అక్కా, పోయొస్తా” అని వెళ్ళిపోయింది. ఆమె ఏమన్నదని మూసా అడిగాడు. ఓబళప్పగారు అర్థం చెప్పారు. అయితే ఆమె ఎప్పుడు తిరిగి వస్తుందని మూసా మళ్ళీ అడిగాడు. ఆ ప్రశ్నను నేను తెలుగులో చెప్పగా విన్న ఆదెమ్మగారికి నవ్వాగలేదు.

“మళ్ళా ఏల వస్తాదప్పా? పొయ్యేటప్పుడు పోతా అనకూడదు గదా. అందుకని అట్లంటారు, అంతే.”

ఆ జవాబును నేను ఇంగ్లీషులో చెప్పగానే మూసా చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. ఆ తరువాత అతడు మెల్లగా చెప్పినదాన్ని ఇక్కడ క్లుప్తంగా రాస్తాను. తిరిగి వస్తానని ఈ పెద్దమనిషి మాట ఇచ్చాడంటే ఆ నేలమీద ఇక భయం లేనట్టేనని హావా తన జనానికి నచ్చజెప్పిందట. ఆ ఒక్క మాటను నమ్మి వాళ్ళు శిబిరం విడిచారు. ఆ తరువాత నాలుగు దేశాలూ తగవుపడి గస్తీ సడలింది. ముఠా మళ్ళీ ఒకసారి వచ్చి గాదెలను తగలబెట్టింది. జనమంతా రెల్లులో దాక్కుని ప్రాణాలు కాపాడుకున్నారు గాని ఊరు వదలలేదు. మేము వెళ్ళిపోతే ఆయన వచ్చి ఎవరిని వెతుక్కుంటాడని హావా అన్నదట. ప్రతి పంటలోనూ ఆయన వాటాగా ఒక కుండ జొన్నలు తీసి పక్కన పెట్టిస్తోంది. గాదెలు కాలిన ఏడు మిగిలిన గింజల్లోంచి కూడా తీయించిందని మూసా చెప్పాడు.

ఆ మర్నాడు ఓబళప్పగారు నా గదికి వచ్చారు. “నేను మర్యాదకన్న మాట వాళ్ళకి ఇల్లయిపోయిండాది అమ్మా,” అన్నారు.

ఆనాటి నుంచి ఆయన మనసు సగం అక్కడే ఉంది. ప్రతి ఏడూ తిరిగి వెళ్ళడానికి అనుమతి కోరారు. ఒక ఏడు దారి మూతపడింది, ఒక ఏడు మహమ్మారి వచ్చింది, మరొక ఏడు ఒక దేశం ఉమ్మడి సేన నుంచే తప్పుకుంది. బెంగళూరులో కుండపోతగా కురిసి మనమంతా ఇళ్ళకెలా చేరాలని తిట్టుకుంటుంటే, ఆయన మాత్రం సరస్సు వైపు వానలు పడ్డాయా లేదా అని ఆ దేశాల నుంచి వచ్చిన విద్యార్థులను అడిగేవారు. క్యాంటీనులో జొన్నరొట్టె పెట్టిన రోజున ఆయన దానిని ముట్టకుండా లేచిపోవడం మనలో చాలామంది చూశారు, కారణం కొందరికే తెలుసు. చేరుకోలేని చోటు మీద ఇంతటి బెంగను నేను మరెవరిలోనూ ఎరుగను.

ఈ వేసవిలో నాలుగు దేశాలూ మళ్ళీ ఒప్పందానికి వచ్చి, సరస్సు దారిలో ఉమ్మడి గస్తీని పునరుద్ధరించాయి. మన సంస్థ బృందాన్ని పంపుతోంది. అయితే అరవై దాటినవారిని క్షేత్రానికి పంపరాదన్న నిబంధన ఉన్నది; ఓబళప్పగారికి అరవై ఎప్పుడో దాటాయి. దారి తెరుచుకున్న ఏడే ఆయనకు మన తలుపు మూసుకున్నది. ఈ విషయంలో నాకు సంస్థ మీద కోపం ఉంది, దానిని మర్యాదగా ఈ వాక్యంలోనే ముగిస్తున్నాను.

ఆయన మాత్రం కోపగించుకోలేదు. విరమించిన మరుసటి వారమే సొంతంగా బయలుదేరుతున్నారు. ఇప్పుడు తన దేశపు రాజధానిలో పనిచేస్తున్న మూసా పూచీ ఉండి వీసా ఇప్పించాడు. ఆదెమ్మగారు అడ్డుచెబుతారేమోనని మేము సందేహించాం. ఆమె తన పెట్టె కూడా సర్దుకుంటున్నారు.

“ఆ యమ్మ ఇన్ని పంటలు ఎత్తిపెట్టి కాచుకొని ఉండాది. మొగోణ్ణి ఒట్టి చేతుల్తో పంపిస్తే ఏమనుకుంటాది? రాగులు తీసుకొని నేనూ పోతాండా,” అన్నారు.

హావా కబురు మూసాకు చివరిసారి తెలిసింది నిరుటి వానలప్పుడు. చూపు మందగించిందనీ, పొద్దున్నే బాట పక్కన కూర్చుంటోందనీ విన్నాడట. ఆపైన ఆ ప్రాంతపు ఫోను టవరు కూలిపోయింది, ఏ సమాచారమూ లేదు. ఇప్పుడామె ఉన్నదో లేదో తెలియకుండానే ఈ దంపతులు విమానం ఎక్కుతున్నారు.

విరమించే సహోద్యోగికి ఆయురారోగ్యాలు కోరడం మన ఆచారం. ఓబళప్పగారూ, మీ మోకాళ్ళు ఆ ఇసుకదారిలో మీకు సహకరించాలనీ, మీరూ ఆదెమ్మగారూ చిరకాలం చల్లగా ఉండాలనీ మేమందరమూ హృదయపూర్వకంగా కోరుకుంటున్నాము. మీరు లేని ఉదయాల్లో మా రేడియో గదికి ఎలా వెళ్ళాలో మాకింకా తెలియడం లేదు. అయినా మమ్మల్ని మన్నించండి: ఈసారి దీర్ఘాయుష్షును మేము మొదట కోరుతున్నది మీకు కాదు, ఎన్నడూ చూడని హావాకు. మీరు చేరేదాకా ఆమె ఉండాలి.

– కిరణ్మయి, అనువాద విభాగం