వదిలేశానన్నావు బావా

అబద్ధమాడితే ఆడావు, నా మొహంలోకి చూస్తూ ఆడాలా బావా? "ఫోనైతే చేసిందండీ ఆవిడ, రీస్టార్ట్ మాట ఎత్తలేదు"ట! ఆవిడ! తొమ్మిదేళ్ళు కాపురం చేసిన పెళ్ళాన్ని, ఎంక్వైరీ ఆఫీసరు ముందు కూర్చోగానే ఆవిడనైపోయానా?

మరేం అడిగానట ఫోన్లో? కూరగాయలు తెమ్మన్నానా?

కూర్చో. మళ్ళీ పిలిచేదాకా ఈ వరండాలో మనమే. ఆ సెల్లు జేబులో పెట్టు. నాకేం కోపం లేదు. ఉంది! ఎందుకుండదు?

నువ్వు బైటికొచ్చాక ఆయన అడిగాడు, బ్లడ్ బ్యాంక్ జాబితా అసలెలా పాడైందమ్మా అని. కంప్యూటర్లు తెలీవు పాపం. చెప్పాను. మా ఆయన చూసే హైపర్‌వైజర్ ఇంటి ఓనరు లాంటిదండీ, అందులో నా వర్చువల్ మెషీన్ ఒక అద్దె వాటా. దాన్ని నడిపే పాత కెర్నెల్ దింపి, రీస్టార్ట్ చేసి కొత్తది ఎక్కించడమంటే అద్దెకున్నవాళ్ళు మారినట్టే. పాతవాళ్ళు ఓనరుకి, మా ఉత్తరాలు కిటికీలోంచి ఫలానా మూల పడెయ్యండి అని చెప్పుంటారు. ఖాళీ చేసేముందు ఆ మాట రద్దు చేసుకోవాలి. లేదంటే కొత్తవాళ్ళు ఆ మూల పొయ్యి పెట్టుకున్నా సరే, ఓనరు అందులోనే పడేస్తుంటాడు అన్నాను.

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మొన్న ఆ పొయ్యిలో పడ్డది ఏ రక్తం ఎన్ని సంచులుందో రాసుకున్న జాబితా కదా. ఆపరేషన్ బల్లమీద పడుకోబెట్టిన ఆడమనిషిని వెనక్కి తోసుకొచ్చేశారు. ఫ్రిజ్‌లు తెరిచి సంచులు చేత్తో ఏరేసరికి నాలుగు గంటలు! ఆ తల్లి బతికింది కాబట్టి సరిపోయింది.

అందుకే కదా మనకా పద్ధతి? నా వైపు అన్నీ ఆపి నీకు ఫోన్ చేస్తాను. "వదిలేశావా?" అంటాను. హైపర్‌వైజర్ పాతవేవీ పట్టుకుని లేదని స్క్రీన్ మీద చూసి, "వదిలేశా" అంటావు. అప్పుడే నేను రీస్టార్ట్ నొక్కాలి. ఎవరు పెట్టిందిది? తమరే!

ఉద్యోగం పోతుందని భయమా? నాది పోతే ఫరవాలేదా? "నా పేరు చెప్పకే" అని నువ్వొక్క మాట అడిగుంటే, ఏమో, నేనే మోసేదాన్నేమో. అడక్కుండా నా నెత్తిన రుద్దావు చూడు, అక్కడ విరిగిపోయింది నా మనసు.

సరే, ఒకటి చెప్తా విను. ఆఫీసరుకి కాగితం రాసిచ్చే వచ్చాను. అడిగానని రాశాను, వదిలేశా అన్నావని రాశాను. అంతటితో ఆపితే బాగానే ఉండేది.

నువ్వా మాట అన్నప్పుడు నీ వెనక గ్లాసుల చప్పుడు బావా. క్యాంటీన్లో ఉన్నావని, ఏ స్క్రీనూ చూడలేదని నాకు తెలిసిపోయింది. ఇంకెవరైనా అయ్యుంటే సీటుకెళ్ళి చూసి చెప్పండి అనేదాన్ని. నువ్వు కదా అని నొక్కేశాను. అది కూడా రాసి సంతకం పెట్టాను.

ఇద్దరివీ పోతాయేమో. పోనీ.

అదుగో, నిన్నే పిలుస్తున్నారు. వెళ్ళు. ఈసారైనా చూసి చెప్పు.