తక్కువ తాగించినవాళ్ళదే తాళం

చియాంగ్ మై నుంచి చియాంగ్ రాయ్‌కి పెట్రోలు పొదుపు పందెం. ఏప్రిల్ ఎండ. అద్దాలు బిగించిన చిన్న కారులో వదినా మరదళ్ళు: నడిపేది విలై, పక్క సీట్లో తిప్.

"వదినా, ఒక్క నిమిషం ఏసీ. ఒకే ఒక్క నిమిషం."

"నోర్ముయ్ తిప్."

"పోనీ అద్దం దించుతా."

"దించితే గాలి లోపల జొరబడి బండిని వెనక్కి లాగుతుంది. చెప్పానా లేదా?"

"చెప్పావు. ఆవిరికుడుములా ఉడికిపోతున్నానని నేనూ చెప్పాను."

"చియాంగ్ రాయ్‌లో చల్లారుదువుగానిలే."

"అదేంటి, నీ చెప్పులేవీ?"

"విప్పేశా. కాలికింద కోడిగుడ్డుందనుకుని తొక్కాలి. గుడ్డు చితక్కూడదు."

"వదినా, వదినా, లారీ! బ్రేకు!"

"అరవకు. దూరం నుంచే చూసి కాలు తీసేశాగా! బ్రేకు తొక్కితే ఇందాకటిదాకా తాగించిందంతా బూడిదలో పోసినట్టే. చూడు, దాని దారిన అదే పోయింది."

"నా ప్రాణం కూడా దానితోనే పోయింది."

"నవ్వించకు. నవ్వితే కాలు అదురుతుంది."

"అదిరితే?"

"గుడ్డు."

"ఆమ్లెట్టా?"

"తిప్! నవ్వించకన్నానా!"

"సరే సరే... ఆగు, ఫోను. అన్నయ్య ఫొటో పెట్టాడు. వాళ్ళ మీటరు. లీటరుకి ఇరవై ఆరు కిలోమీటర్లట! అదీ స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన కారులో. కింద ఏదో రాశాడు."

"ఏం రాశాడు?"

"ఏం లేదులే."

"చదువు."

"'కారు తాళం మీద ఆశ వదులుకో విలై. వంటింటి తాళం ఎలాగూ నీదే' అని."

"మనదెంత?"

"ఇరవై నాలుగు... వదినా? ఏడుస్తున్నావా?"

"చెమట."

"కళ్ళకి చెమటేంటి?"

"లైసెన్సొచ్చి మూడేళ్ళు, తిప్. పర్సులో పడుకునుంది. తాళం అడిగితే, నువ్వు నడిపితే పెట్రోలు నీళ్ళలా పోతుందంటాడు. సంతకెళ్ళాలన్నా, మా అక్కని చూడాలన్నా ఆదివారం దాకా ఆయనగారి దయ. అందుకే కదా పందెం కాశా, ఎవరు తక్కువ తాగిస్తే ఏడాదంతా కారు వాళ్ళదని! ఇది ఓడితే మళ్ళీ ఏ మొహం పెట్టుకుని అడగను?"

"అన్నయ్య తెలివి చూడు. ఇంట్లో అందరికన్నా బరువు తక్కువని అమ్మని ఎక్కించుకున్నాడు. ముప్ఫై ఎనిమిది కిలోలు! నన్ను చూసి, 'బస్తా, నువ్వు వదినతో పో' అన్నాడు."

"నువ్వేం బస్తావి కాదులే."

"మరి పొద్దున నా మేకప్ పెట్టె దింపించిందెవరు?"

"అది రెండు కిలోలుందే! ఇదిగో, కొండ దిగుడొచ్చింది. మీ అన్నయ్య ఇక్కడ న్యూట్రల్ చేసి, ఏదో మిగిల్చానని మురిసిపోతాడు. గేర్లోనే ఉంచి కాలు తీసేస్తే ఇంజను చుక్క కూడా తాగదయ్యా అంటే వింటేనా!"

"ఎక్కుతోంది! ఇరవై నాలుగున్నర... ఇరవై అయిదు! పోనీ వదినా, పోనీ!"

"నేను పోనిచ్చేదేముంది, అదే పోతోంది!"

"అయ్యో, అమ్మ ఫోను. స్పీకర్లో పెడతా. అమ్మా?"

"విలైకి వినపడుతోందా? గట్టిగా మాట్లాడలేను."

"వినపడుతోంది అత్తయ్యా. ఎక్కడున్నారు? ఏమైంది?"

"మే ఖాచాన్ వేడినీళ్ళ బుగ్గ దగ్గర. మీ ఆయన నాకు గుడ్లు ఉడకబెట్టుకు రావడానికి వెళ్ళాడు."

"పందెం మధ్యలో గుడ్లేంటమ్మా?"

"తినాలనిపించింది తిప్. అంతకుముందు వెదురుబొంగులో అన్నం తినాలనిపించింది. దానికిముందు కడుపులో బాగోలేదని రెండుసార్లు ఆపించా."

"ఇప్పుడెలా ఉంది అత్తయ్యా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా. ఇంజను ఆపితే కళ్ళు తిరిగి పడిపోతానన్నా. పాపం, ఆన్‌లోనే ఉంచి వెళ్ళాడు. ఏసీ జోరుకి చలేసి శాలువా కప్పుకున్నా."

"అత్తయ్యా!"

"ఇరవై ఆరున్న మీటరు ఇరవై మూడుకి దిగింది. చాలా, ఇంకోసారి కడుపు పాడుచేసుకోమంటావా?"

"అమ్మా! కన్నకొడుకుని..."

"కన్నాను కాబట్టే ఎక్కడ ఆపాలో తెలుసు."

"అత్తయ్యా, ఇది మోసం కదా?"

"మోసమేంటే? వాడు నా బరువు చూసుకున్నాడు, నా ఆకలి సంగతి అడగలేదు."

"నవ్వించకండి అత్తయ్యా, నా కాలు..."

"వదినా, గుడ్డు! గుడ్డు!"

"ఉష్, వస్తున్నాడు, పెట్టేస్తున్నా. ఒక్క మాట విలై. మీ మామయ్య పక్కన నలభై ఏళ్ళు, వీడి పక్కన పదేళ్ళు కూర్చున్నా. తాళం నీ చేతికి రాగానే ముందు నాకు నేర్పు."