యలమంద తోసిన స్ట్రెచర్

పత్తి మిల్లు మూతపడి నాలుగు నెలలైంది. యలమందకు పద్దెనిమిదేళ్ల ఉద్యోగం పోయింది గానీ నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ సాయంత్రం అద్దంకి రోడ్డులోని ఖుర్షిదా టీకొట్టు దగ్గర లారీ డ్రైవరు జయరావు అందరి ముందూ "ఏరా, ఎక్కడన్నా పని దొరికిందా?" అని అడిగేసరికి అతను గబగబా ఓ గుటక టీ తాగాడు. లేదని చెప్పడానికి మనసొప్పలేదు.

"నేను పని వెతుక్కోవడమేంట్రా, పనే నన్ను వెతుక్కుంటోంది! ఇంట్లో ఊరికే కూర్చుంటే మా ఆవిడ కోటేశ్వరి ఒక్క మాటా అనదు, ఆ అనకపోవడమే తట్టుకోలేక, నిన్న పొద్దున్నే పెద్దాసుపత్రికి పోయి, జీతం వద్దమ్మా, ఏదో ఒక సాయం చేస్తానన్నా. స్ట్రెచర్లు తోయమన్నారు. మధ్యాహ్నానికి నలభై మందిని తోశా."

"నలభై మందినేనా?" ఖుర్షిదా పాలు తిరగబోస్తూ అంది.

"బాగోదని తగ్గించి చెప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లిఫ్టు ఆగిపోయింది! ఆపరేషనేమో మూడో అంతస్తులో, పేషెంట్లు ముగ్గురూ కింద, డాక్టరమ్మకు ఏడుపొక్కటే తక్కువ. పత్తి బేళ్లు మోసిన భుజాలివి, జరగండి మేడం అని, ఒక్కో భుజం మీదా ఒకణ్ణి వేసుకుని, మూడోవాణ్ణి వీపున కట్టుకుని, సెలైన్ సీసా పళ్లతో కరిచి పట్టుకుని ఎక్కేశా."

"ముగ్గురికీ ఒకటే సీసానా?" అన్నాడు జయరావు.

"ముగ్గురిదీ ఒకే ఊర్రా!"

బల్ల మీదవాళ్లు నవ్వారు. ఆ నవ్వు వినేసరికి యలమందకు మిల్లు గేటుకు వేసిన తాళం కాసేపు గుర్తు రాలేదు. గొంతు పెంచాడు.

"అది వదిలెయ్. మూడింటికి గుండెనొప్పి కేసొకటి, ఒంగోలు పంపాలి, అంబులెన్సేమో మిరప ట్రాక్టర్ల మధ్య ఇరుక్కుపోయింది. గట్టిగా పట్టుకోండి పెద్దాయనా అని స్ట్రెచర్ తోశా చూడూ, గేటు దాటా, ఊరు దాటా, ఒంగోలు ఎక్స్‌ప్రెస్ బస్సు నా వెనక హారన్ కొడుతోంది, దారిమ్మని! చక్రాల్లోంచి నిప్పురవ్వలు. గాలికి పెద్దాయన దుప్పటి గొడుగులా లేచింది, అంతే, స్ట్రెచర్ ఇక నేల మీద లేదు."

"మరెక్కడుంది?"

"తాటిచెట్టంత ఎత్తున! నేను పిడి పట్టుకుని వేలాడుతున్నా. పావుగంటలో ఒంగోలు ఆసుపత్రి మేడ మీద దిగాం. డాక్టర్లు వెతికీ వెతికీ, నొప్పేదయ్యా అన్నారు. ఎక్కడుంటుంది? ఆ గాలికి దారిలోనే రాలిపోయింది! కలెక్టరు గారు స్వయంగా ఫోన్ చేసి..."

"బాబాయ్ గారూ! ఇక్కడున్నారా? తల నొప్పి తగ్గిందా?"

బస్సు కోసం వచ్చిన పెద్దాసుపత్రి నర్సు శ్రీరమ్య బల్ల దగ్గర ఆగింది. యలమంద గ్లాసులోకి చూడటం మొదలుపెట్టాడు.

"తలకేమైందమ్మా?" జయరావు ఆత్రంగా అడిగాడు.

"నిన్న ఓ పాపకు ఇంజెక్షన్ చేస్తూ చెయ్యి పట్టుకోమన్నానండీ. సూది చూసి ఈయనే వెనక్కి పడిపోయారు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఇద్దరం తోసుకుంటూ తీసుకెళ్లాం."

టీకొట్టు రేకులు అదిరేలా నవ్వారు. యలమంద చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వకండి," అంది శ్రీరమ్య. "అంతకు ముందు ఓపీ లైన్లో కొట్టుకుంటున్న జనాన్ని గంటసేపు కబుర్లతో కూర్చోబెట్టింది ఈయనే. ఇవాళ ముసలాళ్లంతా ఆ కబుర్లాయన ఏడీ అని నన్ను పీక్కుతిన్నారు. బాబాయ్ గారూ, చీటీలు రాసేచోట మనిషి కావాలట. ఓ వారం చూసి జీతానికే పెట్టుకుంటామని సూపరింటెండెంట్ గారన్నారు. రేపు వస్తారా?"

యలమంద గ్లాసు బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఆ చీటీల గదిలోకి సూదులు రావు కదమ్మా?"

"రావండీ."

"అయితే వస్తా."

బస్సొచ్చింది, శ్రీరమ్య ఎక్కి వెళ్లిపోయింది. యలమంద ఇంటివైపు నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్ జయరావూ, నువ్వూ రారా. నేను చెబితే కోటేశ్వరి నమ్మదు."