చప్పుడు వినపడే ఇల్లు

ఇల్లు కొనాలని వచ్చిన ఆవిడ ఒకరు, ఇళ్లు చూపించే ఏజెంటు ఒకరు. పొద్దున్నించి ఇది మూడో ఇల్లు. ఖాళీ గది మధ్యలో ఒక స్టీలు గ్లాసు దొర్లుతోంది.

“చూశారా మేడమ్? అంత చప్పుడైనా ఒక్కళ్లూ తొంగి చూడలేదు.”

“ఉండు నాయనా. రెండు నిమిషాలు కానీ.”

“రెండు కాదు, ఇరవై నిమిషాలు నిలబడినా ఎవరూ రారు. నాది పూచీ. ఈ గోడలు...”

“కాసేపు మాట్లాడకు.”

“సరే.”

“...”

“...మేడమ్, అయిందా?”

“అయింది. ఎవరూ రాలేదు.”

“చెప్పానుగా. పక్కింట్లో పెళ్లి జరిగినా మీకు తెలీదు ఇక్కడ.”

“చావు జరిగినా తెలీదన్నమాట.”

“శుభమా అని ఇల్లు చూస్తూ అవేం మాటలండీ.”

“ఆ గ్లాసు కాస్త తీసివ్వు. నేను వంగలేను. మా తమ్ముడు రాసిచ్చిన కాగితంలో ఏమైనా మిగిలిందేమో కూడా చూడు.”

“కుళాయిలన్నీ ఒకేసారి తిప్పాలి. తిప్పాం. మూలల్లో చెమ్మ. చూశాం. కొత్త రంగు వేసుంటే ఎందుకు వేశారో అడగాలి. అడిగారు. ఎందుకు అమ్ముతున్నారు, ఎన్నాళ్లనించి ఖాళీ. అడిగారు. ఇల్లు నచ్చితే బ్రోకరు ముందు ముఖంలో కనపడనీకు, వాడు దాన్ని పట్టుకుని ఆడిస్తాడు... మేడమ్, ఇది నన్నే చదవమన్నారేంటి?”

“కళ్లజోడు మర్చిపోయాను.”

“ఏజెంటు అని రాయొచ్చుగా మీ తమ్ముడుగారు. బ్రోకరు అట, పైగా వాడు అట.”

“చెప్తాలే. పద, ఇది వద్దు.”

“ఎందుకు వద్దు?”

“వంటగది చీకటి.”

“అన్ని లైట్లూ వేశాక కూడానా? పోయిన వారం ఇంటికేమో ఎండ ఎక్కువన్నారు. అంతకు ముందుది మెట్లు ఎత్తు. మెట్లే లేని ఇల్లు చూపిస్తే గడప ఎత్తన్నారు. వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట. ఏమీ అనుకోకండి.”

“అనేశాక ఏం అనుకోను?”

“మూడు వారాల్లో పదకొండు ఇళ్లు, మేడమ్. నిజం చెప్పాలంటే మీలా చకచకా చూసేవాళ్లని నేనెక్కడా చూళ్లేదు. దారి వరసలో ఇళ్లు పెట్టుకుంటారు, ఇంటికి పాతిక నిమిషాలు దాటనివ్వరు. కబుర్లుండవు, బేరాలుండవు. అంతా బాగుంటుంది. చివర్న ఆ గ్లాసు పడేస్తారు. వింటారు. వద్దంటారు. మా ఆఫీసులో మీకు పేరు కూడా పెట్టారు.”

“ఏమని?”

“ఎందుకులెండి.”

“చెప్పు. నేనేం చిన్నపిల్లనా?”

“గ్లాసు మేడమ్.”

“బాగానే ఉంది. అంతకన్నా అన్యాయమైనవి విన్నాను.”

“నేనే వాళ్లకి సర్దిచెప్పాను. ఆవిడకి ప్రశాంతత కావాలిరా, చీమ చిటుక్కుమన్నా పడదు, అందుకే ఆ పరీక్ష అని. అది కనిపెట్టిన రోజునించీ నేనే ఏరి ఏరి ఇళ్లు తెస్తున్నాను. చప్పుడుండేవన్నీ లిస్టులోంచి కొట్టేశాను. స్కూలు పక్కది కొట్టేశాను. టైలరు షాపు మీదది కొట్టేశాను. ఒకటైతే పక్క వాటాలో కవల పిల్లలు. ఒకడు ఆపితే ఇంకొకడు మొదలు.”

“ఎన్నో నెల?”

“ఎవరికి?”

“ఆ కవలలకి.”

“నాకేం తెలుసండీ. ఆరో ఏడో ఉంటాయి. ఎందుకు?”

“ఆ ఇల్లు నాకెందుకు చూపించలేదు?”

“ఏడుపులు, మేడమ్. పగలంతా ఏడుపులే. గోడ ఉన్నా లేనట్టే.”

“పద. అది చూద్దాం.”

“అమ్ముడైపోయింది. బుధవారం.”

“అయ్యో. అయ్యో, ఎంత పని చేశావు నాయనా.”

“నేనేం చేశాను? మేడమ్, ఏమైంది? కూర్చోండి. కుర్చీ లేదు... ఆ కిటికీ గట్టు మీద కూర్చోండి.”

“ఎవరూ రాకపోతే నీకు సంతోషం. నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ గ్లాసు పడితే ఎవరో ఒకరొచ్చి, ఏమైందండీ అని అడుగుతారేమోనని పడేస్తున్నాను. పదకొండిళ్లలోనూ ఒక్కళ్లూ అడగలేదు.”

“...అడగడానికా?”

“అందుకే.”

“మరి మొదటి రోజే చెప్పొచ్చుగా. నేను కూతవేటులో జనం ఉండే ఇళ్లన్నీ వదిలేసి, శ్మశానంలాంటివి వెతికి వెతికి తెచ్చానే.”

“ఏమని చెప్పను? నేను పడిపోతే పక్కవాళ్లకి వినపడాలి, అలాంటి గోడ చూపించు అని అడగనా? మా తమ్ముడితోనే చెప్పుకోలేకపోయాను.”

“పడిపోయారా ఎప్పుడైనా? చెప్పకపోయినా ఫర్వాలేదు.”

“పోయిన ఏడాది. వంటింట్లో. పొద్దున ఏడింటికి పడ్డాను. తుంటి విరిగింది. మర్నాడు మధ్యాహ్నం కరెంటు మీటరు చూసే అమ్మాయి కిటికీలోంచి చూసేదాకా అక్కడే ఉన్నాను. మొదట గట్టిగా పిలిచాను. తర్వాత చేతికందిన గ్లాసు తీసుకుని నేలకేసి కొట్టాను. ఈ గ్లాసే. అంచు చూడు, ఎలా చొట్టబోయిందో.”

“నేనది పాతదనుకున్నాను.”

“గోడ అవతల మనుషులే నాయనా. జానెడు దూరంలో. పక్కింటావిడ ఆస్పత్రికొచ్చి నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? పదేళ్లనించి పక్కనే ఉన్నాం, మీ ఇంట్లోంచి ఒక్క చప్పుడు వినలేదండీ, అంత మర్యాదస్తులు మీరు అంది. మంచిదే ఆవిడ. పళ్లు కూడా తెచ్చింది.”

“మీరు ఉద్యోగం... టెలిఫోను అన్నారు కదా?”

“ఎక్స్ఛేంజీలో ఆపరేటర్ని. ముప్ఫై రెండేళ్లు. రెండు చెవుల్లోనూ మనుషులే. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా వెయ్యిమంది. లైన్లో ఉండండి, లైన్లో ఉండండి... నిద్రలో కూడా అదే అనేదాన్నట. దగ్గు వింటే వయసు చెప్పేదాన్ని. ఇప్పుడు ఇంట్లో ఫ్రిజ్ ఆగితే బెంగగా ఉంటుంది. ఉన్న ఒక్క తోడూ పోయినట్టుంటుంది.”

“నవ్వొచ్చేలా చెప్తారేంటండీ.”

“నవ్వొచ్చు. నేనే నవ్వుకుంటాను. ఇవాళ సాయంత్రం మా తమ్ముడు ఫోన్ చేస్తాడు. నా ఇల్లు అమ్మేశాం కదా, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఇంకా దొరకలేదంటే అతనొకటి చూసిపెట్టాడు, దానికి రేపే అడ్వాన్సు కట్టేస్తాడు. పదో అంతస్తు. కిటికీలకి రెండేసి అద్దాలు. పిట్ట అరుపు కూడా రాదక్కా అని మురిసిపోతున్నాడు పాపం.”

“వద్దని చెప్పండి.”

“వద్దంటే ఇంకోటి చూపించాలిగా. ఏదీ? నీ చేతిలో ఇళ్ల లిస్టు ఇటివ్వు. ఇదేంటి, నాలుగోది కొట్టేశావు? కళ్లజోడు లేకపోయినా గీత కనపడుతుంది.”

“అది వదిలెయ్యండి.”

“టైలరు షాపా?”

“కాదు. అది మీకు పనికిరాదు.”

“ఇంతకు ముందూ అలాగే అనుకుని కవల పిల్లల్ని పోగొట్టావు.”

“ఇది వేరు. ఒకటే ఇంటిని మధ్యలో అడ్డగోడ కట్టి రెండు చేశారు. ఆ గోడ ఉందంటే ఉంది. మూడేళ్లనించి అమ్ముడుపోలేదు. ముగ్గురు అద్దెకి దిగి, మూడు నెలలు తిరక్కుండా వెళ్లిపోయారు.”

“ఎందుకు?”

“పక్క వాటా ఆయన వల్ల.”

“తాగుతాడా?”

“లేదు.”

“తిడతాడా?”

“లేదండీ. ఎవరి జోలికీ పోడు.”

“మరేం చేస్తాడు?”

“మాట్లాడతాడు.”

“ఎవరితో?”

“...ఎవరూ లేరు. ఒక్కడే. సాయంత్రం ఇంటికొస్తాడు, తాళం తీస్తాడు, మొదలెడతాడు. వచ్చావా అని తనే అంటాడు. వచ్చాను అని తనే అంటాడు. కూర వండుకుని, ఉప్పెక్కువైంది అంటాడు. పర్లేదులే, పెరుగేసుకుంటే సరిపోతుంది అంటాడు.”

“రెండూ అతనేనా?”

“రెండూ అతనే.”

“భార్య?”

“ఉండేది. నాలుగేళ్లయింది పోయి.”

“ఉప్పు సంగతి ఆవిడ మాటన్నమాట.”

“...ఏది?”

“పర్లేదులే, పెరుగేసుకుంటే సరిపోతుందని. అది మగవాడి మాట కాదు.”

“కాదు. ఆవిడదే అయ్యుంటుంది.”

“నీకివన్నీ ఎలా తెలుసు?”

“అద్దెకున్నవాళ్లు చెప్పారు. ఒకావిడైతే తాళంచెవులు నా చేతిలో పెడుతూ, పక్కన పిచ్చోడున్నాడని ముందే ఎందుకు చెప్పలేదు, అలాంటివాళ్లని కట్టి పడెయ్యాలి అంది.”

“నువ్వేమన్నావు?”

“అవునండీ అన్నాను.”

“ఛీ. అదేంటి నాయనా?”

“కస్టమర్లతో వాదించకూడదు కదా మేడమ్. మా పనిలో మొదటి పాఠం అదే. నవ్వి, అవునండీ, నిజమేనండీ అన్నాను.”

“పాపం అతనికి తెలుసా, గోడ ఇవతల వినపడుతోందని?”

“అప్పటిదాకా తెలీదు. తెలిశాక తగ్గించాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు... పెట్టుకుంటాడట.”

“ఎంత దూరం?”

“వద్దు మేడమ్. నా మాట వినండి. ఇంకో రెండు రోజులు టైమివ్వండి, ఎక్కడో అక్కడ కవల పిల్లల్ని పట్టుకొస్తాను.”

“పద. తాళంచెవి ఉందా?”

“...ఉంది.”

“ఇంకేం. పద.”

“వచ్చేశాం మేడమ్. మెట్టు చూసుకోండి. ఒక్కటే ఉంది. ఇదే.”

“గడప బాగుంది. కిటికీ రోడ్డు వైపు. మనుషులు కనపడతారు. కుళాయిలు తిప్పు.”

“తిప్పాను.”

“నీళ్లు బాగా వస్తున్నాయి. మూలన చెమ్మ ఉంది.”

“ఉంది. దాచను.”

“ఇదేనా ఆ గోడ?”

“ఇదే.”

“ఏంటి, చెమటలు పడుతున్నాయి నీకు?”

“ఎండలో వచ్చాం కదా.”

“గ్లాసు పడేస్తున్నాను. కదలకు.”

“...”

“...”

“మేడమ్...”

“మాట్లాడకు. వింటున్నాను.”

“...”

“ఏమీ లేదు. చెవి ఆనించి విన్నాను. నాకు తెలిసిపోతుంది నాయనా, అవతల మనిషి ఊపిరి పీల్చినా తెలుస్తుంది. ఎవరూ లేరు. పన్నెండో ఇల్లు. ఇదీ అంతే.”

“ఈ టైములో ఉండడండీ. పనికెళ్తాడు.”

“ఏం పని?”

“తిరిగే పని.”

“ఎప్పుడొస్తాడు? కూర్చుంటాను. అతను వచ్చావా అనుకునేది ఒక్కసారి వినిపోతాను.”

“మీరుండగా అనడు.”

“నీకేం తెలుసు? అసలు అలాంటి మనిషి ఉన్నాడా? లేక ముసల్దాని బలహీనత తెలిసింది కదాని, అమ్ముడుపోని ఇల్లు అంటగడదామని కథ అల్లావా? బ్రోకరు మాట నీళ్ల మూట అని మా తమ్ముడు కాగితం చివర రాశాడు. నువ్వది చదవలేదు.”

“చదివాను. పైకి చదవలేదంతే.”

“మరి?”

“ఉన్నాడు మేడమ్.”

“అయితే వెళ్లి తలుపు కొట్టు. ఇరుగుపొరుగు ఎవరైనా ఉంటే అడుగు. నాకివాళ సాయంత్రం లోపల తెలియాలి. తెలియకపోతే నేను పదో అంతస్తుకి పోతాను. అక్కడ నేను రెండు అద్దాల వెనకాల... నీకు చెప్పాను కదా అంతా. ఎవరికీ చెప్పనిది నీకు చెప్పాను.”

“చెప్పారు.”

“ఇంకేంటి ఆలోచిస్తావు?”

“ఒకటడుగుతాను. అతను రోజూ మాట్లాడితే మీకు విసుగు రాదా? ఉప్పు గురించీ, పెరుగు గురించీ?”

“ముప్ఫై రెండేళ్లు వెయ్యిమందివి విన్నాను. ఒక్కడిది వినలేనా? కూరలో ఉప్పెక్కువైతే పర్లేదులే అని ఇటునించి నేనంటాను. అతను రెండు గొంతులూ తనే మోసుకోవడమెందుకు? ఏం నాయనా, అటు తిరిగావు?”

“ఏం లేదు. పెద్దమ్మా, గోడకి చెవి ఆనించి లైన్లో ఉండండి. నేనటు వెళ్లి మా ఇంటి తాళం తీస్తాను.”